చదవకపోతే ఆటోనగర్‌లో పడేస్తా!

మా కారు కప్పు ఊడింది. కప్పంటే పైన ఉండే ఇనప రేకు కాదు, లోపల మన తలమీద అంటించి ఉండే గుడ్డ. ముందు అద్దం దగ్గర చిన్న బుడగలాగా లేచింది. నెల తిరిగేసరికి వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ నెత్తిమీద పెళ్ళిపందిట్లో గుడ్డలాగా వేలాడ్డం మొదలెట్టింది. జూన్ చివరికొచ్చేసరికి అద్దంలోకి చూస్తే వెనకొచ్చే బండ్లు కనపడవు, ఆ గుడ్డే కనపడుతుంది. మా అబ్బాయికి మాత్రం భలే సరదా. వేలితో పొడిచి బుడగని అటూ ఇటూ తోస్తుంటాడు. పొడిచినప్పుడల్లా పసుపుపచ్చటి పొడి వాడి జుట్టు మీద రాలుతుంది.

మేముండేది డాలస్ దగ్గర. కారు 2005 మోడల్ సెడాన్. ఇంజను ఇప్పటికీ గుండ్రాయిలాగుంది. ఏసీ పనిచేస్తుంది. పోయింది గుడ్డ ఒక్కటే.

ఓ శనివారం తెలిసినవాళ్ళింట్లో భోజనాలకి పోగయ్యాం. అందరం సాఫ్ట్‌వేరే. నలుగురు మగాళ్ళం చేరాక మాటలు ఇళ్ళ రేట్ల మీదకీ, గ్రీన్ కార్డుల మీదకీ, కార్ల మీదకీ పోతాయి కదా. మాటల్లో మాటగా "కప్పు గుడ్డ నేనే మారుద్దామనుకుంటున్నా" అన్నాను. అంతే, సలహాలు మొదలయ్యాయి.

ఒకాయన: "ఎందుకండీ, ఆ డొక్కు అమ్మేసి కొత్తది తీస్కోక?"

ఇంకొకడు: "నీ గంట రేటెంత? లెక్కేస్కో గురూ. నీకే తెలుస్తుంది."

మూడో ఆయన ఆ ఇంటాయన వాళ్ళ నాన్నగారు, ఇండియా నించి వచ్చారు. నా వంక కాస్త జాలిగా చూసి "ఇంత చదువు చదివి ఇదేం పని బాబూ" అన్నారు.

ఇంటికొస్తూ దారంతా ఆలోచించా. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు గానీ, చెప్పింది ఒకటే మాట. అది నాకు చిన్నప్పట్నించీ తెల్సిన మాట. మాది బెజవాడ. మా ఇంట్లో, మా వీధిలో, మా బళ్ళో, మార్కులు తగ్గిన ప్రతి పిల్లాడూ విన్న మాట: "చదవకపోతే ఆటోనగర్‌లో పడేస్తా!"

మీ ఊళ్ళో అయితే "మెకానిక్ షెడ్డులో పెడతా" అనుంటారు. పల్లెటూరైతే "గేదెలు కాసుకో". వస్తువు మారుతుందంతే, బెదిరింపు ఒకటే. చేత్తో పని చెయ్యడం ఒక శిక్ష, చదువు ఆ శిక్ష తప్పించుకునే దారి. మనమందరం తప్పించుకున్నవాళ్ళం. తప్పించుకున్నవాడు మళ్ళీ తనంతట తనే వెళ్ళి పానా పట్టుకుంటే మిగతావాళ్ళకి కంగారుగా ఉంటుంది మరి!

ఈ బెదిరింపు ఎంత పనికిమాలిందో, ఎంత నష్టం చేసిందో చెప్పడానికి మా కారు గుడ్డ సరిపోతుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు అసలా గుడ్డ ఎందుకు ఊడుతుందో చూద్దాం. బంక పోయిందని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. కాదు. లోపల మూడు పొరలుంటాయి. పైన కప్పు ఆకారంలో అచ్చుపోసిన అట్ట, చాలా కార్లలో గాజుపీచుని రెజిన్‌తో గట్టిపరిచి చేస్తారు. కింద మనకి కనపడే నైలాన్ గుడ్డో, పాలిస్టర్ గుడ్డో. ఈ రెంటికీ మధ్య 3 నించి 5 మిల్లీమీటర్ల మందాన పాలీయురెథేన్ ఫోము. మన భాషలో స్పాంజి. గుడ్డ ఫోముకి అతుక్కునుంటుంది, ఫోము అట్టకి అతుక్కునుంటుంది. ఏళ్ళతరబడి ఎండా, తేమా తగిలి ఆ ఫోము లోలోపలే కుళ్ళిపోయి పిండైపోతుంది. మా వాడి జుట్టు మీద రాలిన పసుపు పొడి అదే. అంటే బంక బానే ఉంది, గుడ్డ బానే ఉంది, అట్ట బానే ఉంది. మధ్యలోది చచ్చింది. రోజూ చేసే పనిలో ఇలాంటివి ఎన్ని చూశాం! పైన స్క్రీను బాగుంటుంది, కింద డేటాబేసు బాగుంటుంది, మధ్యలో ఎవడో పదేళ్ళ కిందట పెట్టి మర్చిపోయిన లైబ్రరీ చస్తుంది. జనం మాత్రం స్క్రీనుని తిడతారు.

ఇది తెలీక నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పేస్తా. మొదట ఓ మామూలు స్ప్రే బంక డబ్బా కొనుక్కొచ్చి, గుడ్డ ఎత్తి లోపల కొట్టి, చేత్తో అదిమా. సాయంత్రానికి అద్దంలాగా ఉంది. మా ఆవిడకి పిలిచి మరీ చూపించా. సరిగ్గా ఆరో రోజున మళ్ళీ ఊడింది. ఈసారి బంక మరకలతో సహా. పిండి మీద బంక కొడితే బంక పిండికే అంటుకుంటుంది, అట్టకి కాదు. పైగా టెక్సస్ జులై ఎండలో నిలబెట్టిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. రేకు కిందే ఉండే కప్పు సంగతి చెప్పక్కర్లేదు. కాగితాలూ, అట్టలూ అంటించుకునే స్ప్రే బంక ఆ వేడికి మెత్తబడిపోతుంది. గుండుసూదులు గుచ్చడం, స్టేప్లర్ కొట్టడం, మెలితిప్పే పిన్నులు పెట్టడం.. ఇవన్నీ కూడా ఆ జాతివే. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట.

దాంతో డీలరు సర్వీసు సెంటరుకి ఫోన్ చేశా. అక్కడి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. గుడ్డ విడిగా అమ్మరట. అట్టా, ఫోమూ, గుడ్డా కలిపి "అసెంబ్లీ". దానికో పార్టు నంబరు. ధర, కూలీ కలిపి వెయ్యి డాలర్లు పైమాటే. పైగా ఈ మోడల్‌ది స్టాకు లేదు, వెతికించాలట. అట్ట బాగానే ఉంది కదయ్యా అంటే, "మేమలా చెయ్యం సర్" అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడి కంప్యూటర్లో గుడ్డ అనే వస్తువే లేదు!

ఇక్కడ నాకు ఆటోనగర్ గుర్తొచ్చింది. అంబాసిడర్ కారు చూసినవాళ్ళకి తెలుస్తుంది, దాని కప్పు లైనింగుకి బంకతో పని తక్కువ. గుడ్డకి వెనకవైపు గొట్టాల్లాగా కుట్లు వేసి, వాటిల్లోంచి ఇనప ఊచలు దూర్చి, ఆ ఊచల్ని రేకుకి రెండు పక్కలా తగిలించేవాళ్ళు. చుట్టూ అంచులు లాగి బిగించడమే. చిరిగిందా, ఏ కుషన్ వర్క్స్ షాపుకి పోయినా మిషన్ మీద కొత్తది కుట్టి అవే ఊచలకి తొడిగేసేవాడు. కుట్టుమిషనూ, కత్తెరా ఉన్న ప్రతివాడూ బాగుచెయ్యగలిగే వస్తువు అది. తర్వాతొచ్చిన అచ్చు కప్పులు తేలిక, చవక, చూడ్డానికి నున్నగా ఉంటాయి, ఫ్యాక్టరీలో నిమిషాల్లో బిగిస్తారు. కాదన్ను. కానీ ఆ లాభమంతా బిగించేవాడిది, ఇరవయ్యేళ్ళ తర్వాత ఊడేది మాత్రం మన నెత్తిమీద.

ఇది గుడ్డతో ఆగే విషయం కాదు. 2014 ఆగస్టులో మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి రెండున్నర వేల కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. ఎందుకయ్యా అంటే, విడిభాగాలూ, రిపేరుకి కావాల్సిన సమాచారమూ, సాధనాలూ బయట మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నారని. కంపెనీలు అప్పీళ్ళకెక్కాయి, అది వేరే కథ. ఇక్కడ అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల రిపేరు హక్కు చట్టం చేసింది. 2022 డిసెంబర్లో మన కేంద్రప్రభుత్వం కూడా రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలూ ఉన్నాయి. మంచిదే. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఇలాంటి వార్తలు తెగ ఫార్వార్డ్ చేస్తాం కూడా. కానీ ఒక్క మాటడుగుతా. పానా పట్టుకోవడం నామర్దా అనుకునేవాడికి రిపేరు హక్కెందుకండీ? ఈతరానివాడు చెరువు మీద హక్కు కోసం కోర్టుకెళ్ళినట్టుంటుంది.

ఇప్పుడు గంట రేటు సంగతికొద్దాం. ఇది మన వృత్తిలో వేదవాక్యం అయిపోయింది కాబట్టి కాస్త తీరిగ్గా మాట్లాడాలి.

లెక్క ఇలా చెప్తారు: నీకు గంటకి 70 డాలర్లొస్తాయి. గుడ్డ మార్చడానికి 11 గంటలు పట్టింది. అంటే 770 డాలర్లు. బయట లైనింగ్ షాపువాడు 425 అడిగాడు. నువ్వు 345 నష్టపోయావు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!

అయ్యా, శనివారం నాకు 70 డాలర్లు ఎవరిస్తారు? నేను జీతగాణ్ణి. శనివారం పనిచేసినా, పడుకున్నా, అదే జీతం. ఆ 11 గంటలు నేను గుడ్డ మార్చకపోతే ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. రెండు సినిమాలు సగం సగం చూసి, వాట్సాప్ గ్రూపులో రాజకీయాల మీద ముక్కూ మొహం తెలీనివాడితో కొట్లాడి, సాయంత్రం తలనొప్పి తెచ్చుకునేవాణ్ణి. ఆ 11 గంటలకి వెల కట్టినవాడు ఇంతవరకూ నాకు కనపళ్ళేదు.

పోనీ ఆ లెక్కే నిజమనుకుందాం. అలాగైతే ఆదివారం బిర్యానీ వండకూడదు, హోటల్లో 15 డాలర్లే. పిల్లాడికి తెలుగు అక్షరాలు మనం దిద్దించకూడదు, ఎవరో ఒకరు ఆన్‌లైన్లో అంతకన్నా చవగ్గా దిద్దిస్తారు. అమ్మతో గంట ఫోన్లో మాట్లాడితే 70 డాలర్లు గోవిందా. ఇవన్నీ లెక్కలోకి రావు, కారు గుడ్డ మాత్రం వస్తుంది. ఎందుకంటారు? బిర్యానీ వండితే నామోషీ లేదు, పైగా ఫోటో పెట్టుకోవచ్చు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నామోషీ. గంట రేటు అనేది లెక్క కాదు, లెక్కలాగా వేషం వేసుకున్న నామోషీ. ఆ పెద్దాయనే నయం, ఉన్నమాట ఉన్నట్టుగా "ఇంత చదివి ఇదేం పని" అన్నారు.

"అమ్మేసి కొత్తది తీస్కో" అన్నాయనకి పెద్దగా జవాబు చెప్పక్కర్లేదు. 110 డాలర్ల రోగానికి 35 వేల డాలర్ల మందు. ఆపైన ఆరేళ్ళ కిస్తీలు.

ఇక పనికొద్దాం. ఎలా చేశానో చెప్తాను. చూసి మీరూ చెయ్యాలని కాదు, ఇందులో బ్రహ్మవిద్య ఎంతుందో మీరే తేల్చుకుంటారని.

మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశా. ఇది సరదాకి కాదు. నా కారులో పక్కలకి తెరలాగా తెరుచుకునే ఎయిర్‌బ్యాగులు కప్పు అంచు వెంబడే మడిచిపెట్టి ఉన్నాయి. కిటికీల మధ్య స్తంభాల ప్లాస్టిక్ మీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు వేసి ఉంటే మీ దాంట్లోనూ ఉన్నట్టే. వైరు తీశాక ఎంతసేపు ఆగాలో మాన్యువల్లో రాసుంటుంది. అంతసేపూ ఆగాలి. మళ్ళీ బిగించేటప్పుడు ఆ ప్లాస్టిక్ ముక్కల్ని వాటి క్లిప్పులతోనే బిగించాలి, ఊడుతోంది కదాని బంకపెట్టి అతికించకూడదు. ఈ ఒక్క విషయం దగ్గర భయంగా ఉంటే షాపుకి ఇచ్చెయ్యండి. అది నామోషీ కాదు, జాగ్రత్త.

తర్వాత ఎండ తగలకుండా దించుకునే రేకులు, చేతిపట్టీలు, లైటు, కోటు తగిలించే కొక్కాలు, స్తంభాల ప్లాస్టిక్. ప్రతి స్క్రూనీ ఒక కవర్లో వేసి పేరు రాసుకున్నా. ముందు సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి, అట్టని ముందు తలుపులోంచి ఇద్దరం పట్టుకుని బయటకి లాగాం. ఇద్దరమంటే నేనూ, మా ఆవిడా. వంగితే అట్ట విరుగుతుంది, విరిగితే జన్మలో మళ్ళీ నున్నగా రాదు. ఆ ఐదు నిమిషాలూ మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ ఇక్కడ రాయను :)

గుడ్డ లాగితే ఒక్క లాగుతో వచ్చేసింది. అసలు కష్టం అక్కణ్ణించి. అట్టకి అంటుకున్న కుళ్ళిన ఫోమంతా నైలాన్ బ్రష్షుతో గీకాలి. ఇనప బ్రష్షయితే గాజుపీచు లేచిపోతుంది. మాస్కూ, కళ్ళజోడూ, చేతితొడుగులూ లేకుండా ముట్టుకోవద్దు. ఈ ఒక్క పనికే నాకు మూడు గంటలు పట్టింది. నూటికి తొంభైమంది ఇక్కడే విసిగిపోయి సగం గీకి వదిలేస్తారట. వదిలేసిన చోటల్లా ఆర్నెల్లకి మళ్ళీ బుడగ.

గుడ్డ సంగతి. మా ఆవిడ పాత పట్టుచీర వేస్తే ఎలా ఉంటుందంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేదేమో. కానీ కార్లో వాడే గుడ్డకి అమెరికాలో 302 నంబరు భద్రతా ప్రమాణం ఒకటుంది. మంట అంటుకుంటే నిమిషానికి 102 మిల్లీమీటర్ల కన్నా వేగంగా పాకకూడదు. అందుకే కార్ల కప్పులకనే చేసిన, వెనక ఫోము అంటించి ఉన్న గుడ్డ మూడు గజాలు తెప్పించా. 60 అంగుళాల పన్నాలో దొరుకుతుంది. గుడ్డకి 50 డాలర్లు, కప్పులకోసమే చేసిన వేడి తట్టుకునే బంక రెండు డబ్బాలు 40, బ్రష్షూ, మాస్కూ, బ్లేళ్ళూ 20.

అన్నీ పెట్టుకుని గ్యారేజీలో కూర్చున్నాక చెయ్యి ఆడలేదు. బంక కొట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదు. అన్‌డూ బటన్ లేని పని చేసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు.

అప్పుడు అన్నయ్యకి ఫోన్ చేశా.

అన్నయ్యంటే మా పెదనాన్నగారబ్బాయి. పదో తరగతి తప్పాడు. పదహారేళ్ళప్పుడు మా పెదనాన్న నిజంగానే ఆటోనగర్‌లో పడేశారు, ఓ కుషన్ వర్క్స్‌లో. ఆ తర్వాత మా ఇంట్లో చదువు గురించి ఎప్పుడు మాటొచ్చినా ఉదాహరణ అన్నయ్యే. "చదవకపోతే అన్నయ్యలాగా అవుతావు" అని వాడి ముందే అనేవాళ్ళు. వాడు నవ్వేవాడు. ఓ ఎండాకాలం సెలవుల్లో నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. ఓ అంబాసిడర్ లోపల వెల్లకిలా పడుకుని, నోట్లో చిన్న చిన్న మేకులు పెట్టుకుని, కప్పు లైనింగు అంచులు బిగిస్తున్నాడు. ఒక్క ముడత లేదు. ఆ సాయంత్రం మా క్లాసువాడు ఒకడు ఆటోనగర్లో ఎందుకు కనపడ్డావని అడిగితే, మా అన్నయ్య అక్కడ పనిచేస్తాడని చెప్పలేదు. బస్సు తప్పి దిగానన్నా. అది నాకిప్పటికీ గుర్తే.

ఇప్పుడు వాడికి సొంత షాపుంది. వీడియోలో అట్ట చూపించా.

"అట్ట బాగా గీకావురా, పర్లేదు" అన్నాడు. "ఇనుకో. గుడ్డ మొత్తం పరిచేసుకుని సగం ఎనక్కి మడువు. ఆ సగానికీ, అట్టకీ రెండిటికీ సొల్యూషన్ కొట్టు. కొట్టగానే ఎయ్యమాక. ఏలు పెట్టి చూడు. ఏలికి అంటినట్టుండాల, ఏలితో రాకూడదు. అప్పుడెయ్యి. నడిమధ్య నించి అంచులకి అరచేత్తో నెట్టుకుంటా పో. లాగమాక. లాగితే ఇయ్యాళ బానే ఉంటది, ఎండకి గుడ్డ మళ్ళీ ఎనక్కి పోద్ది, గుంటల్లో లేచిపోద్ది. గుంట ఉన్నచోట ముందు గుంటలోకి నెట్టి, తర్వాత పక్కకి పో."

బంకని వాళ్ళు సొల్యూషన్ అంటారు. మా కంపెనీ కూడా సొల్యూషన్లే అమ్ముతుంది. వాడిదే గట్టిగా అంటుకుంటుందని నా అభిప్రాయం.

వాడు చెప్పిన ఆ నాలుగు ముక్కల్లో ఎంత ఫిజిక్సుందో చూడండి. రబ్బరు బంకలో ద్రావకం ఆవిరైపోయాకే రెండు పొరలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తడిమీద వేస్తే ద్రావకం లోపలే ఇరుక్కుంటుంది, ఫోములోంచి బయటకి ఊరి గుడ్డమీద మరకలూ పడతాయి. సాగదీసిన గుడ్డ ముడుచుకోవాలని చూస్తుంది, పల్లంగా ఉన్నచోట అంటే ఆ లాగుడంతా బంక మీదే. ఇదంతా వాడు ఏ పుస్తకంలోనూ చదవలేదు. వేళ్ళతో తెలుసుకున్నాడు. ఇది చదువు కాదని మా ఇంట్లో అందరం కలిసి తీర్మానించాం.

గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి, గ్యాస్ హీటరు మంట ఆర్పేసి (ఆ డబ్బా మీద నిప్పు గుర్తు ఊరికే వెయ్యలేదు), వాడు చెప్పినట్టే చేశా. అటు చివర గుడ్డ పట్టుకుంది మా అబ్బాయి. వాడికి ఆ రోజు ఆన్‌లైన్ లెక్కల క్లాసుంది, ఎగ్గొట్టించా. ఓ రాత్రంతా ఆరనిచ్చి, అంచులు ఒక అంగుళం వెనక్కి మడిచి అంటించి, లైటు దగ్గర కత్తెర గుర్తులాగా కోసి, మర్నాటి శనివారం బిగించేశా. వెనక ఎడమ మూల చిన్న ముడతొచ్చింది. తెల్సినవాడు చూస్తే తప్ప కనపడదు. రెండు ఎండాకాలాలు దాటాయి. ఊడలేదు.

అయితే ఆ ఫోన్ పెట్టేసే ముందు అన్నయ్య ఇంకో మాటన్నాడు. "ఇంత చదువుకుని నీకీ ఖర్మేంట్రా? అక్కడ పనోళ్ళు దొరకరా?" అని. ఎగతాళి కాదు, నిజంగానే బాధపడ్డాడు. "మావాడు మొన్న సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోగొట్టాడు. ఆటోనగర్‌లో పడేస్తానని చెప్పా ఎదవకి" అన్నాడు. ఆటోనగర్‌లో తన సొంత షాపులో, తన కుర్చీలో కూర్చుని అన్నాడు ఆ మాట.

నాకు నవ్వు రాలేదు. నలభయ్యేళ్ళుగా మనమందరం అన్న మాట వాడు నమ్మేశాడు. తన చేతిలో ఉన్న విద్య కొడుక్కి ఇచ్చేది కాదు, కొడుకుని బెదిరించేది అని నమ్మేశాడు. వాడి తర్వాత ఆ షాపులో ఆ వేళ్ళ తెలివి ఎవరికీ రాదు.

ఈ మాటకి వచ్చే ఎదురు వాదన నాకు తెలుసు. "నువ్వు గ్యారేజీలో సరదాకి చేస్తే అభిరుచి. మీ అన్నయ్య నలభై డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద రోజంతా బంక వాసన పీలుస్తూ చేస్తే అది బతుకుతెరువు. తండ్రి తన కొడుక్కి ఆ కష్టం వద్దనుకోవడం తప్పా?" తప్పు కాదు. నూటికి నూరుపాళ్ళు ఒప్పే. ఆ పొగా, ఆ వేడీ, పీఎఫ్‌లూ పెన్షన్లూ లేని ఆ బతుకూ ఎవరికీ రాకూడదు. కానీ అన్నయ్యకి ఏం కావాలో అడగండి. షెడ్డుకి ఫ్యాను కావాలి, ముక్కుకి మంచి మాస్కు కావాలి, చేసిన పనికి బేరమాడకుండా డబ్బులివ్వాలి. మనం వాటిల్లో ఒక్కటీ ఇవ్వలేదు. ఆ పనే తక్కువ పని అని మాత్రం తేల్చిపారేశాం. పని తక్కువదైతే కూలీ తక్కువివ్వడం తప్పనిపించదు కదా, అదీ కిటుకు. కష్టాన్ని ఏవగించుకోవడం వేరు, కష్టపడేవాణ్ణి ఏవగించుకోవడం వేరు. ఆ బెదిరింపు రెండోదే నేర్పుతుంది.

ఇంకొకటి: "అందరూ సొంతంగా చేసుకుంటే షాపువాడి పొట్ట కొట్టినట్టు కాదా?" అని. ఇది నన్ను కాసేపు ఆలోచింపజేసింది. కానీ చేశాక తెలిసిందేంటంటే, 425 అడిగిన లైనింగ్ షాపాయన న్యాయంగానే అడిగాడు. మొదట ఎక్కువనిపించింది, గీకడం మొదలెట్టాక తక్కువనిపించింది. ఇంకోసారి ఇంకేదైనా పనికి ఆయన దగ్గరకెళ్తే నేను బేరమాడను. బ్రేకులూ, ఇంజను పనీ ఇప్పటికీ మెకానిక్కుకే ఇస్తా. ఒక్కసారైనా చేత్తో చేసినవాడికే అవతలివాడి పని విలువ తెలుస్తుంది. నేను పోట్లాడుతోంది ఆయనతో కాదు. గుడ్డని "అసెంబ్లీ"గా మార్చినవాడితో ఒకటీ, దాన్ని ముట్టుకోవడం పరువు తక్కువని నేర్పిన మనతో ఇంకొకటీ.

ఏటా దసరాకి ఆయుధపూజ చేస్తాం. ఇక్కడ కూడా, కార్లకి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, ఫోటోలు తీసుకుంటాం. ఆటోనగర్‌లో ఆ రోజు పానాలకీ, కుట్టుమిషన్లకీ దండలేస్తారు. పనిముట్టుకి దణ్ణం పెట్టి, దాన్ని పట్టుకున్న చేతిని చూపించి పిల్లల్ని బెదిరించే జనం మనమే అనుకుంటా.

నేనడిగేది పెద్దదేం కాదు. అందరూ కార్లు విప్పమని కాదు. పిల్లల్ని చదివించొద్దని అసలే కాదు. మీ పిల్లాడికి ఈసారి లెక్కల్లో మార్కులు తగ్గితే తిట్టండి, టీవీ కట్టెయ్యండి, ఫోను లాక్కోండి. "మెకానిక్ షెడ్డులో పడేస్తా" అని మాత్రం అనకండి. ఆ మాట ఎక్కడో ఒక అన్నయ్య వింటుంటాడు.

మొన్న అన్నయ్యకి ఆ మూలనున్న ముడత ఫోటో పంపా. "అక్కడ లాగావు" అని ఒక్క ముక్క జవాబిచ్చాడు. నిజమే, లాగా. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు రెండ్రోజులు వాడి షాపులో కూర్చుంటానని చెప్పా. ఇంట్లో ఇంకా చెప్పలేదు. వింటే మా అమ్మ ఏమంటుందో మీకు వేరే చెప్పాలా?